పవర్ స్టీరింగ్ ఆయిల్ ఎక్కడ కారుతోందో తేల్చాకే పానా పట్టాలి

స్టీరింగ్ పంపు కొత్తది వేయించినా ఆయిల్ తగ్గుతూనే ఉందని వాపోయే బండి ఓనర్లు నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, ఎటు వెళ్లినా కనిపిస్తారు. మెకానిక్ మోసం చేశాడని వాళ్ల అనుమానం. చాలాసార్లు అక్కడ మోసమేమీ ఉండదు. ఆయిల్ కారింది ఒక చోట, తడి కనిపించింది ఇంకో చోట. మార్చిందేమో తడి కనిపించిన చోట ఉన్న సామాను. పవర్ స్టీరింగ్ లీకేజీలో డబ్బులు దండగయ్యేది ఎక్కువగా ఇలాగే.

ముందు మీ బండిలో అసలు స్టీరింగ్ ఆయిల్ ఉందో లేదో చూసుకోండి. స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, ఎర్టిగా లాంటి కార్లలో స్టీరింగ్‌కు సాయం చేసేది కరెంటు మోటారు. వాటిలో ఆయిల్ ఉండదు, కాబట్టి కారదు. స్టీరింగ్ గట్టిపడితే బ్యాటరీ, ఫ్యూజు, సెన్సర్ వైపు వెతకాలి. పవర్ స్టీరింగ్ ఉన్న బొలెరో, పాత స్కార్పియో, టవేరా, సుమో, ఇన్నోవా, ఆ తర్వాత వచ్చిన క్రిస్టా ఇవన్నీ ఆయిల్‌తో నడిచేవి. మన ఊళ్లలో పెళ్లిళ్లకు, శ్రీశైలం దర్శనాలకు, ఆస్పత్రికి, మార్కెట్ యార్డుకు కిరాయికి తిరిగే బండ్లు చాలావరకు ఇవే. అందుకే ఈ విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఆయిల్ దారి

ఇంజను ముందు బెల్టుతో తిరిగే ఒక చిన్న పంపు ఉంటుంది. అది డబ్బాలోంచి ఆయిల్ లాక్కుని, ప్రెజర్ పైపు గుండా కింద ఉన్న ర్యాక్‌కు, అంటే ముందు చక్రాలను అటూ ఇటూ తిప్పే సామానుకు, తోస్తుంది. మీరు స్టీరింగ్ తిప్పగానే ర్యాక్ మీద ఉన్న వాల్వు కొద్దిగా మెలితిరిగి, ఆ ఆయిల్‌ను కుడి వైపుకో ఎడమ వైపుకో వదులుతుంది. ర్యాక్ లోపలి పిస్టన్‌ను ఆయిల్ నెడుతుంది, మీ చేతికి బరువు తగ్గుతుంది. పని అయిపోయిన ఆయిల్ రిటర్న్ పైపులో తిరిగి డబ్బాకు చేరుతుంది. మొత్తం కలిపి లీటరుకు అటూ ఇటూ ఉంటుంది, అంతే.

ఇంజన్ ఆయిల్ కొంత కాలిపోవచ్చు. స్టీరింగ్ ఆయిల్ కాలే అవకాశమే లేదు, ఒకే దారిలో తిరుగుతూ ఉంటుంది. డబ్బాలో మట్టం తగ్గిందంటే ఎక్కడో బయటకు పోయినట్టే. ‘ఎండలకు తగ్గుతది అన్నా, జర పోసుకో’ అనే మాటను ఒప్పుకోవద్దు.

ఈ దారిలో రెండు రకాల పైపులున్నాయని గుర్తుంచుకుంటే లీకేజీ సగం అర్థమైనట్టే. టైరులో మనం కొట్టించే గాలి 32 పాయింట్లు అనుకుందాం. అదే లెక్కలో ప్రెజర్ పైపులో ఒత్తిడి బండి నేరుగా పోతున్నప్పుడు వందకు అటూ ఇటూ ఉంటుంది. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి పట్టుకుంటే వెయ్యి దాటుతుంది. రిటర్న్ పైపులోనూ, డబ్బా నుంచి పంపుకు వచ్చే పైపులోనూ ఒత్తిడి దాదాపు ఉండదు. అందుకే ప్రెజర్ వైపు లీకు బండి తిప్పినప్పుడే చిమ్ముతుంది, ఆపి చూస్తే ఆగిపోతుంది. అటు రిటర్న్ వైపు లీకైతే బండి నిలబెట్టినా బొట్టు బొట్టుగా కారుతూనే ఉంటుంది.

డబ్బా నుంచి పంపుకు వచ్చే పైపుది ఇంకో తిక్క. ఇంజను నడుస్తున్నంతసేపూ పంపు ఆయిల్‌ను లాగుతూ ఉంటుంది కాబట్టి, ఆ పైపు క్లిప్పు వదులైనా, లోపలి రబ్బరు రింగు ఎండిపోయినా ఆయిల్ బయటకు రాకుండా గాలి లోపలికి పోతుంది. డబ్బాలో నురగ, పంపులో మూలుగు మొదలవుతాయి. ఇది విని పంపు పోయిందని తీర్పు చెప్పేస్తారు. నిజానికి అక్కడ మార్చాల్సింది ఒక రబ్బరు రింగో, ఒక క్లిప్పో. పంపు మూలుగుతోందంటే మొదట అడగాల్సిన ప్రశ్న లోపలికి గాలి పోతోందా అని. డబ్బా మూత తీసి చూస్తే నురగ కనిపిస్తుంది, దానికి పరికరాలేవీ అక్కర్లేదు.

మన దగ్గర సీళ్లు ఎందుకు తొందరగా పోతాయి

నల్గొండలో మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. బానెట్ కింద, సైలెన్సర్ పైపు పక్కన వేడి దానికంటే చాలా ఎక్కువ. సీళ్లంటే ఆయిల్ బయటకు రాకుండా ఆపే రబ్బరు రింగులు. ఆ రబ్బరు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, సాగే గుణం పోగొట్టుకుంటుంది. అయితే వేడి కంటే దుమ్ము చేసే నష్టమే ఎక్కువని నేననుకుంటాను. ర్యాక్ రెండు చివర్లకూ ముడతలు ముడతలుగా రబ్బరు బూట్లు ఉంటాయి. అవి ఆయిల్‌ను ఆపడానికి పెట్టినవి కావు, దుమ్మును ఆపడానికి పెట్టినవి. కంకర తేలిన రోడ్డు మీద రాయి ఎగిరి తగిలో, ఎలుక కొరికో, వయసు మీదపడో బూటు చీలుతుంది. పొలాల బాటల ఎర్రమట్టి, ఇసుక లారీలు లేపే దుమ్ము, సిమెంటు ఫ్యాక్టరీల వైపు రోడ్ల మీది బూడిద, వానాకాలంలో బురద నీళ్లు అన్నీ లోపలికి చేరతాయి. ర్యాక్ లోపలి నున్నటి కడ్డీకి తుప్పు పడుతుంది, గీతలు పడతాయి. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఆ గరుకు కడ్డీ సీలు పెదవిని గీకుతుంది. కొన్నాళ్లకు సీలు వదిలేస్తుంది.

చీలిన బూటు ఖరీదు తక్కువ. దాన్ని వదిలేస్తే పోయే ర్యాక్ ఖరీదు ఎక్కువ. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు బండి కిందికి వంగి ఆ రెండు బూట్లు చూడమని మెకానిక్‌ను అడగండి.

బండి కదలకుండా నిలబెట్టి స్టీరింగ్ తిప్పే అలవాటూ ఒక కారణమే. ఇరుకు సందుల్లో, బస్టాండు దగ్గర కిరాయి బండ్ల పార్కింగులో ఇది రోజూ జరుగుతుంది. టైరు నేలను పట్టుకుని ఉంటుంది కాబట్టి ఒత్తిడంతా పైపుల మీద, సీళ్ల మీద పడుతుంది. బండిని ఓ అడుగు కదిలిస్తూ తిప్పితే చాలా తగ్గుతుంది.

కింద పడ్డది ఏ ఆయిలు?

రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి, ముందు చక్రాల మధ్య భాగమంతా కప్పేలా పెట్టండి. పొద్దున్నే చూస్తే మరక ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో తెలుస్తుంది. ఎండాకాలంలో ఏసీ వేసుకుని వచ్చిన బండి కింద పడేవి చాలావరకు మంచి నీళ్లే, ఆరిపోతాయి. రేడియేటర్ నీళ్లు పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి, కాస్త జిగటగా, తియ్యటి వాసన వేస్తాయి. ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటుంది. చాలా బండ్లలో స్టీరింగ్ ఆయిల్ ఎర్రగా పలుచగా ఉంటుంది, పాతబడితే గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఎరుపే కాబట్టి ఆటోమేటిక్ బండ్లలో తొందరపడి తేల్చకూడదు.

అనుమానంగా ఉంటే ఒక గ్లాసు నీళ్లలో బొట్టు వేయండి. స్టీరింగ్ ఆయిల్ పైన తేలుతుంది. బ్రేక్ ఆయిల్, రేడియేటర్ నీళ్లు నీళ్లలో కలిసిపోతాయి. చక్రం దగ్గర కారేది నీళ్లలో కలిసిపోయే ఆయిల్ అయితే అది బ్రేకుల లీకు కావచ్చు. అలాంటప్పుడు బండి కదపకుండా మెకానిక్‌నే పిలవాలి.

తడికి పైన వెతకాలి

ఆయిల్ కిందికి జారుతుంది, బండి పరుగెత్తుతుంటే గాలికి వెనక్కి పాకుతుంది. కింద క్రాస్ మెంబర్ (బండి అడుగున అడ్డంగా ఉండే ఇనుప దూలం) మీద చుక్క వేలాడుతోందంటే లీకు అక్కడే ఉన్నట్టు కాదు. అంతకు పైన, అంతకు ముందు ఎక్కడ తడి మొదలైందో చూడాలి. పంపు పైన ఇంజన్ హెడ్ కవర్ నుంచి ఇంజన్ ఆయిల్ కారి, పంపు అంతా తడిపి, నేరం పంపు మీద పడేలా చేస్తుంది. అందుకే కడగకుండా వెతకడం వ్యర్థం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డీగ్రీజర్ కొట్టి, డబ్బా, పంపు, పైపులు, ర్యాక్ శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. డైనమో మీద, కరెంటు కనెక్టర్ల మీద కవరు చుట్టండి. వేడి ఇంజను మీద పెట్రోలు, కిరోసిన్ చల్లొద్దు, అంటుకుంటుంది.

ఆరాక డబ్బాలో ఆయిల్‌ను గీత వరకు నింపి, ఇంజను స్టార్ట్ చేసి, ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్ నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి. ఇంకొకరు టార్చి వేసి చూడాలి. బండిని జాకీ మీద వదిలి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాకే దూరాలి. స్టీరింగ్‌ను చివర్లో ఐదారు సెకన్లకు మించి పట్టుకోవద్దు, ఆ ఒత్తిడిలో పంపు వేడెక్కిపోతుంది. ఒక హెచ్చరిక: ప్రెజర్ పైపు మీద చేతితో తడిమి లీకు వెతకొద్దు. సన్నటి రంధ్రం నుంచి ఆ ఒత్తిడితో వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది కానీ లోపల కండను పాడుచేస్తుంది, ఆపరేషన్ అవసరం పడొచ్చు. వెతకడానికి పొడవాటి కర్రకు కట్టిన తెల్ల కాగితం వాడండి.

లీకు మరీ సన్నగా ఉండి దొరక్కపోతే ఆయిల్‌లో కలిపే రంగు మందు దొరుకుతుంది. ఒకటి రెండు రోజులు బండి తిప్పి, అల్ట్రావయొలెట్ లైటు వేస్తే కారిన చోట పసుపు పచ్చగా మెరుస్తుంది.

ఎక్కడా తడి లేకుండానే మట్టం తగ్గుతుంటే బూట్లు నొక్కి చూడండి. లోపల ఆయిల్ ఉంటే మెత్తగా బరువుగా తగులుతుంది. చివరి క్లిప్పు కొద్దిగా వదులు చేస్తే ధారగా కారుతుంది. ర్యాక్ సీలు పోయిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయితే చాలా ర్యాక్‌లలో రెండు బూట్లనూ కలుపుతూ ఒక సన్నటి గాలి పైపు ఉంటుంది. ఒక పక్క కారిన ఆయిల్ రెండో పక్కకు చేరగలదు, కాబట్టి ఏ బూటులో ఆయిల్ ఉందో చూసి ఏ పక్క సీలు పోయిందో చెప్పడం కుదరదు. పాత బండ్లలో ర్యాక్ బదులు స్టీరింగ్ బాక్స్ ఉంటే, దాని అడుగున, చక్రాలను తిప్పే ఆర్మ్‌ను బిగించే షాఫ్టు దగ్గరి సీలును చూడాలి.

అసలు లీకే లేని సందర్భమూ ఉంది. డబ్బాను నిండా పోసేస్తే వేడెక్కి ఉబ్బిన ఆయిల్ మూత లోంచి పొంగి, డబ్బా పక్కలంతా తడిపేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కింది గీతల లెక్క, వేడిగా ఉన్నప్పుడు పై గీతల లెక్క చూసుకోవాలి.

దొరికాక ఏం చేయాలి

రిటర్న్ పైపు లీకైతే పని సులువు. ఆయిల్‌కు తట్టుకునే పైపు కొలతకు సరిపోయేది తెచ్చి, స్క్రూ క్లిప్పులు బిగించాలి. రేడియేటర్ నీళ్ల పైపు ముక్కను అక్కడ వేస్తారు కొందరు. అది ఆయిల్‌కు లోపల ఉబ్బి, పొట్టు రాలి, డబ్బా అడుగున ఉండే జాలీని మూసేస్తుంది. జాలీ మూసుకుంటే పంపుకు ఆయిల్ అందదు, మళ్లీ మూలుగు. రిటర్న్ దారి ఇరుకైతే ర్యాక్‌లో ఒత్తిడి నిలిచిపోయి, స్టీరింగ్ కడ్డీ ర్యాక్‌లోకి దిగే చోట ఉన్న పై సీలు కూడా కారుతుంది. వంద రూపాయల పైపు దగ్గర పొదుపు చేస్తే ఇంత దూరం వస్తుంది.

ప్రెజర్ పైపు సంగతి వేరు. దాని మీద ఎం-సీల్ పెట్టడం, ట్యూబు చుట్టడం, చీలిన చోట కోసి క్లిప్పు వేయడం ఏవీ నిలబడవు. పగిలితే ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద చిమ్మి మంట అంటుకోవచ్చు. కంపెనీ పైపు దొరికితే అదే వేయండి. హార్వెస్టర్లకు, జేసీబీలకు హైడ్రాలిక్ పైపులు నొక్కి ఇచ్చే షాపులు మన వైపు చాలా ఉన్నాయి, పాత ఫిట్టింగులకే కొత్త పైపు నొక్కి ఇస్తారు. అక్కడ చేయించడం తప్పు కాదు, కానీ ఒత్తిడితో పాటు బానెట్ కింది వేడికీ తట్టుకునే రకమేనా అని అడగండి. కంపెనీ పైపు పంపు కొట్టే దెబ్బలను మింగేలా కొద్దిగా వ్యాకోచిస్తుంది. మామూలు హైడ్రాలిక్ పైపు అంత సాగదు, స్టీరింగ్ తిప్పినప్పుడు గొణుగుడు వినిపించవచ్చు. పైపు విప్పినప్పుడల్లా బోల్టు కింది రాగి వాషర్లు కొత్తవి వేయాలి. పాత వాషర్లతో బిగించిన చోట మళ్లీ చెమ్మ మొదలవుతుంది, కొత్త పైపు నాసిరకమని అనుకుంటాం.

పంపు ముందు పుల్లీ వెనకాల తడి ఉండి, బెల్టు మీద ఆయిల్ చిమ్మిన గీత కనిపిస్తే షాఫ్టు సీలు పోయింది. సీలు మార్చేముందు షాఫ్టును వేలితో తడిమి చూడాలి. సీలు కూర్చునే చోట గాడి పడి ఉంటే, బేరింగు ఆడుతూ ఉంటే కొత్త సీలు ఎక్కువ రోజులు ఆగదు. అప్పుడు పంపు మార్చడమే మేలు. ఆయిల్ తాగిన బెల్టునూ మార్చేయండి.

ర్యాక్ సీళ్లకు రిపేర్ కిట్లు దొరుకుతాయి. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను: కడ్డీ నున్నగా ఉంటేనే కిట్ వేయించండి. గోరుకు తగిలేంత తుప్పు గుంటలు ఉన్న కడ్డీ మీద కొత్త సీలు వేయడమంటే కూలీ వృథా చేయడమే. అలాంటప్పుడు బాగు చేసిన ర్యాక్ వారంటీతో తీసుకోండి, లేదా కొత్తది వేయించండి. పని చేసేటప్పుడు స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం నుంచి ర్యాక్‌కు దిగే కడ్డీ) విప్పితే, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో స్టీరింగ్ చక్రాన్ని కట్టేసి ఉంచాలి. అది ఇష్టమొచ్చినట్టు తిరిగితే లోపలి చుట్టల తీగ తెగిపోతుంది. బిగించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, లేకపోతే ముందు టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి.

లీకు ఆపే మందుల గురించి అందరూ అడుగుతారు. అవి ఎండిన రబ్బరును ఉబ్బించి కొన్నాళ్లు ఆపుతాయి. చినిగిన సీలుకు, పగిలిన పైపుకు పనిచేయవు. ర్యాక్ నుంచి కొద్దిగా చెమరుస్తున్న పాత బండికి, పంట డబ్బులు వచ్చేదాకా గడపడానికి వాడితే తప్పనను. అంతకు మించి నమ్ముకుంటే రబ్బరు మరీ మెత్తబడి పాడవుతుంది.

ఏ ఆయిల్ పోయాలన్నది డబ్బా మూత మీదో, బండి పుస్తకంలోనో రాసి ఉంటుంది. ఇన్నోవా లాంటి చాలా బండ్లకు డెక్స్‌రాన్ రకం ఎర్ర ఆయిల్ సరిపోతుంది. కొన్ని కంపెనీలు వేరే రకం ఆయిల్ అడుగుతాయి, రెంటినీ కలపకూడదు. రోడ్డు మీద అవసరానికి బ్రేక్ ఆయిల్ పోయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. అది వేరే జాతి ద్రవం, ఈ సీళ్లన్నిటినీ ఉబ్బించి చెడగొడుతుంది. పొరపాటున పోసినట్టు తెలిస్తే ఇంజను స్టార్ట్ చేయకుండా మొత్తం తీసేయించాలి.

కొత్త ఆయిల్ పోశాక గాలి తీయాలి. ముందు చక్రాలు లేపి, ఇంజను ఆపేసి ఉంచి, స్టీరింగ్‌ను ఓ పదిహేను ఇరవై సార్లు నెమ్మదిగా ఇటు చివరకు అటు చివరకు తిప్పుతూ, తగ్గిన ఆయిల్ పోస్తూ ఉండాలి. బుడగలు ఆగాకే స్టార్ట్ చేసి మళ్లీ తిప్పాలి. నురగ వస్తే ఆపి, అది తేరుకునేదాకా ఆగాలి. నేరుగా స్టార్ట్ చేసి గట్టిగా తిప్పేస్తే గాలి ఆయిల్‌లో కలిసిపోయి, కొత్త పంపు కూడా మొదటి రోజే మూలుగుతుంది. తీసిన పాత ఆయిల్‌ను మోరీలో, చేనులో పోయకండి, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి.

లీకుతో బండి నడపొచ్చా?

రాత్రికి రెండు మూడు బొట్లు పడుతూ, మట్టం గీతల మధ్యే ఉంటే రోజూ చూసుకుంటూ కొన్నాళ్లు నడపొచ్చు. రోజు విడిచి రోజు పోయాల్సి వస్తుంటే, తిప్పినప్పుడు చిమ్ముతుంటే, సైలెన్సర్ దగ్గర కాలిన వాసన వస్తుంటే నడపొద్దు. ఆయిల్ మొత్తం పోయినా స్టీరింగ్ తెగిపోదు, చక్రాలకు దాని లంకె అలాగే ఉంటుంది, కాని ఒక్కసారిగా బరువెక్కుతుంది. 65వ నంబరు హైవే మీద సూర్యాపేట వైపు నేరుగా పోతున్నప్పుడు అది అంతగా తెలియకపోవచ్చు. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ దగ్గరికి దిగే ఘాట్ మలుపుల్లో, నిండా మనుషులున్న బండిలో తెలిస్తే ప్రమాదం. పైగా ఆ అడవి దారిలో మెకానిక్ షాపులు ఉండవు, మన్ననూరు దగ్గర చెక్‌పోస్టు రాత్రి మూసేస్తారు. అలాంటి ప్రయాణానికి ముందు రోజు బానెట్ ఎత్తి డబ్బాలో మట్టం చూడండి.

దారిలో ఆయిల్ అయిపోతే, తర్వాత ఏం చేయాలన్నది బెల్టును బట్టి ఉంటుంది. ఆయిల్ లేని పంపు కొద్దిసేపట్లోనే లోపల ఒరుసుకుని పట్టేస్తుంది. ఆ బెల్టు స్టీరింగ్ పంపుకు మాత్రమే ఉంటే, ఇంజను చల్లారాక దాన్ని తీసేసి, బరువు స్టీరింగ్‌తోనే నెమ్మదిగా దగ్గరి ఊరికి చేరుకోవచ్చు. ఘాట్‌లో ఉంటే ఆ ప్రయత్నం కూడా వద్దు, వేరే బండి పిలిపించుకోండి. అదే బెల్టు డైనమోను, వాటర్ పంపును కూడా తిప్పుతుంటే దాన్ని తీయకూడదు, అలాగే నడపనూ కూడదు. పంపు పట్టేస్తే బెల్టు తెగి, చార్జింగ్ ఆగి, ఇంజను వేడెక్కి హెడ్ దాకా పోతుంది. అలాంటి బండిని ఇంజను ఆపేసి మరో బండి మీద ఎక్కించుకుని తీసుకురావాలి.